పిల్లల తీవ్రచికిత్సలో తల్లిదండ్రుల మాట

ఆసుపత్రిలోని తీవ్రచికిత్సా విభాగమున రెండేండ్ల పిల్ల మంచముపై పడుకొనియున్నది. నోటినుండి శ్వాసనాళములోనికి ఒక గొట్టము పోవుచున్నది. దాని రెండవ కొన వెంటిలేటరునకు తగిలింపబడినది. ఛాతికి అంటించిన తీగెలు గుండె కొట్టుకొను వేగమును, వ్రేలికి తగిలించిన చిన్న పరికరము రక్తములోని ప్రాణవాయువు పాలును తెరపై ఎప్పటికప్పుడు చూపుచున్నవి. మందు ఒక పంపు ద్వారా, గంటకు ఇంత అను లెక్కతో, సిరలోనికి పోవుచున్నది.

ఇన్ని పరికరములు ఉన్నను అవి చెప్పలేని సమాచారము ఒకటి కలదు. ఈ పిల్ల మామూలు దినములలో ఎట్లుండును? నొప్పి కలిగినపుడు ముఖము ఎట్లు పెట్టును? ఇదివరలో ఏ మందు ఈమెకు పడలేదు? నిన్నటికిని నేటికిని చూపులో వచ్చిన మార్పేమి? ఈ ప్రశ్నలకు జవాబు తెలిసినవారు ఆమె తల్లిదండ్రులు మాత్రమే. వైద్యునకు వ్యాధిని గురించి తెలియును. తల్లికి ఈ బిడ్డను గురించి తెలియును. రెండును కలిసినప్పుడే చికిత్స సరియైన త్రోవలో నడచును.

నేడు ఇది ఎంతో సహజమైన మాటగా తోచవచ్చును. కాని ఆసుపత్రుల చరిత్రలో ఇది అంత సులభముగా అంగీకరింపబడలేదు. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధములో పాశ్చాత్య దేశములలోని ఆసుపత్రులు పెక్కింటిలో రోగియైన బిడ్డ లోపలను, తల్లి గేటు వెలుపలను ఉండెడివారు. ఆ తలుపు ఏల మూతపడినదో, మరల ఎట్లు తెరచుకొన్నదో తెలిసికొనుట వైద్యశాస్త్ర చరిత్రలో ఒక ముఖ్యమైన పాఠము.

తలుపు మూతపడుట

కేవలము పిల్లలకై ఏర్పడిన పెద్ద ఆసుపత్రి మొదట పారిస్ నగరములో 1802లో వెలసెను. లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి 1852లో డాక్టర్ చార్లెస్ వెస్ట్ కృషివలన 10 మంచములతో ప్రారంభమయ్యెను. అంతకు పూర్వము జబ్బుపడిన పిల్లలకు ఇంటిలోనే, తల్లి చేతులమీదుగా వైద్యము జరుగుచుండెను.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున పాశ్చర్, కాఖ్ మొదలగువారు అంటువ్యాధులకు సూక్ష్మజీవులు కారణమని ఋజువు చేసిరి. ఆ కాలమున పిల్లల వార్డులో ఒక బిడ్డకు పొంగు వచ్చినచో అది పదిమందికి పాకెడిది. డిఫ్తీరియా, కోరింతదగ్గు మృత్యుముఖములే. పెన్సిలిన్ వంటి మందులు అప్పటికింకను లేవు. కనుక వెలుపలినుండి వచ్చువారు వ్యాధిని తెత్తురను భయముతో ఆసుపత్రులు సందర్శకులను కట్టడి చేసెను. ఈ భయము నిరాధారమైనది కాదు.

రెండవ కారణము వేరు. తల్లి వచ్చి వెళ్లునపుడు బిడ్డ గొల్లున ఏడ్చెడిది. తల్లి రానిదినమున వార్డు నిశ్శబ్దముగా ఉండెడిది. దీనినిబట్టి తల్లి రాక బిడ్డకు కీడు చేయుచున్నదని నర్సులును, వైద్యులును నమ్మిరి. ఇచట ఒక తర్కదోషము దాగియున్నది. ఏడ్పు కనబడును గనుక దానిని బాధకు కొలతగా తీసికొనిరి. నిశ్శబ్దము వినబడదు గనుక దానిని సుఖమని భావించిరి.

1949లో మన్రో-డేవీస్ అను ఆయన లండను ఆసుపత్రులలోని సందర్శన నియమములను సేకరించి ఒక వారపత్రికలో ప్రకటించెను. ఒక ఆసుపత్రిలో ఆదివారము మధ్యాహ్నము 2 గంటలనుండి 4 గంటలవరకు మాత్రమే అనుమతి. మరియొక చోట మొదటి నెలలో బిడ్డను కలిసికొనుటకు వీలులేదు. రాత్రి 7 గంటలకును 8 గంటలకును నడుమ నిద్రపోవుచున్న బిడ్డను చూచి వెళ్లవచ్చును. ఇంకొక చోట మూడేండ్లలోపు పిల్లలను అడ్డుతెరల సందులోనుండి చూడవలెనే గాని దగ్గరకు పోరాదు. ఈ నియమములు క్రూరులు చేసినవి కావు. పిల్లల మేలుకోరిన మంచి వైద్యులే వీటిని పాటించిరి.

భిన్నమైన త్రోవ

అందరును ఒకే త్రోవను నడువలేదు. ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరములో జేమ్స్ స్పెన్స్ అను శిశువైద్యుడు 1920 తరువాతి దశాబ్దములోనే తల్లులను శిశువులతోపాటు ఆసుపత్రిలో చేర్చుకొనుట ఆరంభించెను. నర్సు పర్యవేక్షణ క్రింద తల్లియే బిడ్డకు సేవ చేసెడిది. దీనివలన బిడ్డకు లాభము. తల్లికి, ఇంటికి పోయిన పిమ్మట బిడ్డను ఎట్లు చూచుకొనవలెనో తెలియుట మరియొక లాభము.

న్యూజిలాండులో పికరిల్ దంపతుల అనుభవము ఇంకను ఆసక్తికరమైనది. హెన్రీ పికరిల్, సిసిలీ పికరిల్ ఇరువురును శస్త్రవైద్యులు. పుట్టుకతో పెదవి చీలిన, అంగిలి చీలిన శిశువులకు వారు శస్త్రచికిత్స చేయుచుండిరి. కుట్లు వేసినచోట చీము పట్టినచో శ్రమయంతయు వ్యర్థమగును. అందుచేత వారు 1942లో వెల్లింగ్టన్ సమీపమున నెలకొల్పిన ఆసుపత్రిలో ప్రతి శిశువునకు తన తల్లియే సేవ చేయు పద్ధతి పెట్టిరి. అంటు పెరుగుటకు బదులు తగ్గెను.

కారణము ఆలోచించిన సులభముగా బోధపడును. వార్డులోని నర్సు ఒక బిడ్డనుండి మరియొక బిడ్డ వద్దకు పోవుచుండును. సూక్ష్మజీవులు ఆమె చేతులమీదుగా మంచమునుండి మంచమునకు ప్రయాణించును. తల్లి ఒక్క బిడ్డనే తాకును. ఆమె శరీరముపైనున్న సూక్ష్మజీవులు ఆ బిడ్డకు పరిచితములే. సూక్ష్మజీవ సిద్ధాంతము పేరుతోనే తల్లిని వెలుపల ఉంచిరి. ఆ సిద్ధాంతమునే సక్రమముగా అన్వయించినపుడు తల్లి లోపల ఉండదగినదని తేలెను.

ఒక చలనచిత్రము

లండనులోని టావిస్టాక్ క్లినిక్‌లో పనిచేయుచున్న మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ, ప్రపంచ ఆరోగ్యసంస్థ కోరికపై 1951లో ఒక నివేదిక వ్రాసెను. బాల్యములో తల్లినుండి దీర్ఘకాలము ఎడబాటు కలిగినచో పిల్లల మానసిక ఆరోగ్యము దెబ్బతినునని దాని సారాంశము. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రులలో పిల్లలను ప్రత్యక్షముగా పరిశీలించి మూడు దశలను గుర్తించెను. మొదట బిడ్డ ఏడ్చి, కేకలు వేసి ఎదిరించును. తరువాత నిరాశలో మునిగి మిన్నకుండును. చివరకు తల్లితో పనిలేనట్లు ఉదాసీనముగా ఉండును. వార్డు సిబ్బంది "బిడ్డ కుదుటపడినది" అని సంతోషించునది రెండవ, మూడవ దశలను చూచియే.

మాటలతో చెప్పిన ఎవరును నమ్మలేదు. అప్పుడు రాబర్ట్‌సన్ ఒక చిన్న కెమెరా సంపాదించి, చిన్న శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు ఆసుపత్రిలో ఉన్న రెండున్నరేండ్లలోపు బాలికను చిత్రించెను. తనకు అనుకూలమైన దృశ్యములనే ఏరుకొన్నాడను ఆక్షేపణ రాకుండుటకై ప్రతిదినము నిర్ణీత సమయములలోనే చిత్రించెను. సమయము తెలియుటకై వార్డు గడియారము కూడ దృశ్యములో పడునట్లు జాగ్రత్తపడెను. ప్రయోగశాలలో పాటింపదగిన నిష్ఠ ఇది. ఆ బాలిక పెద్దగా ఏడ్వలేదు. ఏడ్పు ఆపుకొనుటకు ఆమె పడిన ప్రయాసయే చూచువారి మనస్సును కలచివేసెను.

1952 నవంబరులో ఈ చిత్రమును లండనులోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో ప్రదర్శించినపుడు పలువురు వైద్యులు మండిపడిరి. ఆసుపత్రులను అవమానించుటకే ఈ చిత్రము తీసిరని ఆరోపించిరి. మొదట కోపించినవారిలో డెర్మాడ్ మెకార్తీ అను శిశువైద్యుడు ఒకడు. కాని తన వార్డునకు తిరిగిపోయి పిల్లలను చూచినపుడు చిత్రములో చూచినదే అతనికి కనబడజొచ్చెను. తరువాత ఆయన తన వార్డులో తల్లులకు చోటు కల్పించెను. 1958లో రాబర్ట్‌సన్ తన రెండవ చిత్రమును అచ్చటనే తీసెను. తన అభిప్రాయము తప్పని తోచినపుడు దానిని మార్చుకొనుటకు వెనుదీయని మెకార్తీ శాస్త్రదృష్టి మెచ్చదగినది.

1959లో శస్త్రవైద్యుడు సర్ హారీ ప్లాట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము బ్రిటిష్ ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. తల్లిదండ్రులు వేళాపాళా కట్టుబాటు లేక వచ్చుటకు అనుమతింపవలెననియు, చిన్నపిల్లలతో తల్లులు ఉండుటకు వసతి కల్పింపవలెననియు అది సూచించెను. ప్రభుత్వము అంగీకరించినను ఆసుపత్రులలో మార్పు మెల్లగానే వచ్చెను. 1961లో రాబర్ట్‌సన్ చిత్రములలోని భాగములను టెలివిజనులో చూచిన లండను తల్లులు కొందరు సంఘముగా ఏర్పడి, నివేదికను అమలుపరచుడని ఆసుపత్రులను అడుగసాగిరి.

యంత్రములు కట్టిన క్రొత్త గోడ

వార్డు తలుపులు తెరచుకొనుచున్న కాలముననే ఆసుపత్రులలో మరియొక గది ఏర్పడుచుండెను.

1928లో బోస్టన్ నగరములో ఫిలిప్ డ్రింకర్ రూపొందించిన ఉక్కు ఊపిరితిత్తి అను యంత్రమును పోలియోతో శ్వాస స్తంభించిన ఎనిమిదేండ్ల బాలికకు మొదట ఉపయోగించిరి. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో భయంకరముగా చెలరేగెను. ఊపిరి స్తంభించి, పాత పద్ధతులతో చికిత్స పొందిన మొదటి 31 మందిలో 27 మంది మరణించిరి. అప్పుడు మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్, పన్నెండేండ్ల బాలిక గొంతులో రంధ్రము చేయించి, గొట్టము అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరితిత్తులలోనికి గాలి పంపెను. బాలిక బ్రదికెను. వెంటనే సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్లు రోగుల ప్రక్కన కూర్చుండి సంచులు నొక్కిరి. తీవ్రరోగులను ఒకేచోట చేర్చి ఎడతెగక కనిపెట్టి చూచు పద్ధతికి ఇది నాంది. పిల్లలకై ప్రత్యేకించిన తీవ్రచికిత్సా విభాగమును 1955లో స్వీడనులోని యోటెబోరి నగరమున యోరాన్ హాగ్లుండ్ స్థాపించెను. అమెరికాలో 1967లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో జాన్ డౌన్స్ ఆధ్వర్యమున ఇట్టి విభాగము ప్రారంభమయ్యెను.

ఈ విభాగములు లెక్కకు మించిన ప్రాణములు నిలిపినవి. కాని ఇచట తల్లిదండ్రులు మరల వెలుపలి బల్లలమీదికి చేరిరి. స్థలము తక్కువ, పరికరములు ఎక్కువ, క్షణక్షణము అత్యవసరము. అంతకంటె ముఖ్యమైన విషయము ఒకటి కలదు. శ్వాసనాళములోనికి గొట్టము స్వరతంత్రులనడుమగా పోవును. అందుచేత వెంటిలేటరుపైనున్న బిడ్డ ఏడ్చినను శబ్దము రాదు. మత్తుమందులవలన సైగ చేయుటయు కష్టము. బిడ్డ స్వరము పూర్తిగా మూగవోయినచోటనే, ఆ బిడ్డ తరఫున మాటలాడవలసినవారు కూడ దూరముగా ఉండిపోయిరి.

మాట కూడ చికిత్సయే

1970 తరువాతి దశాబ్దములలో ఈ స్థితి క్రమముగా మారజొచ్చెను. 1987లో అమెరికా సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్, ప్రత్యేక ఆరోగ్యావసరములు గల పిల్లల సేవ కుటుంబమే కేంద్రముగా సాగవలెనని పిలుపునిచ్చెను. 2003లో అమెరికన్ శిశువైద్యుల అకాడమీ, వైద్యులు ఉదయపు తనిఖీని తల్లిదండ్రుల సమక్షమునందే జరుపుట మంచిదని సూచించెను. 2017లో తీవ్రచికిత్సా వైద్యుల సంఘము ప్రకటించిన మార్గదర్శకములు, కుటుంబ సభ్యులకు రోగి ప్రక్కన ఉండు అవకాశమును, వైద్యుల తనిఖీలో పాల్గొను అవకాశమును ఈయవలెనని చెప్పెను.

తల్లిదండ్రులు ప్రక్కన నిలుచుట ఒక మెట్టు. వారితో మాటలాడుట రెండవ మెట్టు. భయముతో ఉన్న మనస్సు విన్నదంతయు నిలుపుకొనలేదు. పగటి వైద్యుడు "కొంచెము మెరుగు" అని, రాత్రి వైద్యుడు "ఇంకను ప్రమాదమే" అని చెప్పినచో రెండును నిజమే కావచ్చును. కాని తల్లిదండ్రులకు ఎవరిని నమ్మవలెనో తెలియదు. కావున కొన్ని పద్ధతులు రూపొందినవి. ముఖ్యమైన సంగతిని ఒకేసారి కాక పలుమార్లు చెప్పుట. సిబ్బంది యందరును ముందుగా తమలో మాటలాడుకొని ఒకే అర్థము వచ్చునట్లు చెప్పుట. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుట. చెప్పిన పిమ్మట "మీకు అర్థమైనది మీ మాటలలో చెప్పుడు" అని అడిగి, లోపము ఉన్నచో తమ వివరణను సవరించుకొనుట. భాష వేరైనపుడు ఇంటిలోని చిన్నపిల్లలచేత గాక, తగిన దుబాసీచేత చెప్పించుట.

ఇవి మర్యాదకొరకు మాత్రమే ఏర్పడినవని తలపరాదు. ఉత్తర అమెరికాలోని 7 ఆసుపత్రులలో, సాధారణ పిల్లల వార్డులలో, తల్లిదండ్రులను భాగస్వాములుగా చేర్చుకొని క్రమబద్ధముగా సంభాషించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. 2018లో ప్రకటింపబడిన ఫలితములను బట్టి, రోగికి హాని కలిగించిన చికిత్సాదోషములు సుమారు 38 శాతము తగ్గెను. తనిఖీకి పట్టిన కాలము చెప్పుకోదగినంతగా పెరుగలేదు.

వినకపోవుటకు మూల్యము

ఈ చరిత్రలోని కడపటి అధ్యాయము దుఃఖముతో వ్రాయబడినది. 2001లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున కాలినగాయములనుండి కోలుకొనుచున్న 18 నెలల బాలిక ఆసుపత్రిలోనే మరణించెను. బిడ్డకు విపరీతమైన దాహముగా ఉన్నదని తల్లి చెప్పినను ఆ మాటకు తగిన విలువ లభింపలేదు. 2005లో పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రి, కుటుంబసభ్యులే అత్యవసర వైద్యబృందమును పిలుచుకొను ఏర్పాటు చేసెను.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రములో 2007లో మూడేండ్లు నిండని బాలుడు మరణించెను. తమ బిడ్డ క్షీణించుచున్నాడని తల్లిదండ్రులు చెప్పిన మాటపై సకాలమున చర్య జరుగలేదు. అతని పేరిట 2013లో వచ్చిన ర్యాన్ నియమము మూడు మెట్లు ఏర్పరచెను: మొదట వైద్యునికో నర్సునకో చెప్పవలెను, తృప్తి కలుగనిచో వార్డు బాధ్యురాలితో మాటలాడవలెను, అప్పటికిని ఆందోళన తీరనిచో ఒక టెలిఫోను సంఖ్యకు పిలిచి వేరొక వైద్యునిచేత పరీక్ష చేయించుమని కోరవచ్చును.

ఇంగ్లండులో 2021లో సైకిలుపైనుండి పడి క్లోమమునకు గాయమైన పదమూడేండ్ల బాలిక, రక్తమున విషక్రిములు వ్యాపించి మరణించెను. ఆమెను ముందుగా తీవ్రచికిత్సా విభాగమునకు తరలించియున్నచో బహుశః బ్రదికియుండెడిదని విచారణాధికారి నిర్ణయించెను. తల్లిదండ్రులు తమ భయమును అంతకుముందే తెలిపియుండిరి. 2024లో అమలు ఆరంభమైన మార్తా నియమమునకు ఇదియే పుట్టుక. దాని ప్రకారము కుటుంబసభ్యులు రేయింబవళ్లు ఏ సమయముననైనను తీవ్రచికిత్సా బృందపు పరీక్షను కోరవచ్చును. అంతేగాక, రోగి స్థితి ఎట్లున్నదని ప్రతిదినము వారిని అడిగి, జవాబును నమోదు చేయవలెను. నాడి, ఉష్ణోగ్రత వ్రాయు కాగితముపైననే తల్లి మాటకును ఒక గడి లభించినది.

ఆ గడి అక్కరకు వచ్చునని సూచించు పరిశీలన ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమునుండి 2025లో వెలువడినది. బిడ్డ క్షీణించుచున్నదని తల్లిదండ్రులు ఆందోళన తెలిపిన సందర్భములలో, తెలుపని సందర్భములకంటె, ఆ పిల్లలకు తీవ్రచికిత్స అవసరమగుట చాల ఎక్కువగా కనబడెను.

మన దేశములో

భారతదేశమున ప్రభుత్వాసుపత్రుల సాధారణ వార్డులలో తల్లి బిడ్డ మంచముమీదనే కూర్చుండుట అలవాటే. కాని నవజాత శిశువుల ప్రత్యేక విభాగముల తలుపులు చాలకాలము మూసియే యుండెను. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి, చేతులు కడుగుకొనుట మొదలు పాలుపట్టుట వరకు తల్లిదండ్రులకు నేర్పి, వారిని శిశుసేవలో భాగస్వాములుగా చేసెను. ఆ అనుభవము ఆధారముగా కేంద్ర ఆరోగ్యశాఖ 2017లో కుటుంబ భాగస్వామ్యసేవపై మార్గదర్శకములు ప్రకటించెను.

భారతదేశముతోపాటు నాలుగు ఆఫ్రికా దేశములలో, ప్రపంచ ఆరోగ్యసంస్థ సమన్వయమున జరిగిన ప్రయోగము ఒకటి 2021లో ప్రకటింపబడెను. బరువు తక్కువగా పుట్టిన 3211 మంది శిశువులపై ఇది జరిగెను. కొందరిని, స్థితి కుదుటపడువరకు వేచియుండక, వెంటనే తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు ఉంచిరి. ఇందుకై తల్లులకు తీవ్రచికిత్సా విభాగములోనే మంచములు వేసిరి. 28 దినములలోపు మరణములు ఈ పద్ధతిలో 12 శాతము. మామూలు పద్ధతిలో 15.7 శాతము. అనగా తల్లికి లోపల మంచము వేయుటవలన ప్రతి వందమందిలో ముగ్గురు నలుగురు శిశువులు అధికముగా బ్రదికిరి.

2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినపుడు అనేక దేశములలో ఈ తలుపులు మరల సగము మూసికొన్నవి. కొన్నిచోట్ల తల్లిదండ్రులలో ఒక్కరికే ప్రవేశము. అంటువ్యాధి భయము మరల వచ్చినపుడు పాత నియమమే మొదట చేతికందెను. కావున ఈ చరిత్ర ముగిసిన కథ కాదు.

తెలుగునాట మారుమూల గ్రామమునుండి బిడ్డను నగరపు ఆసుపత్రికి తెచ్చిన తల్లికి "శాచురేషన్ పడిపోవుచున్నది" అన్న మాటకంటె, "బిడ్డ రక్తములో గాలి చాలుటలేదు, అందుకే ఈ యంత్రము పెట్టితిమి" అన్న మాట ఉపయోగపడును. అట్లే, "బిడ్డ ఎందుకో తేడాగా ఉన్నది" అని ఆ తల్లి అన్నపుడు అది వట్టి భయమని త్రోసివేయరాదు. పుట్టినది మొదలు ఒకే బిడ్డను ఎడతెగక పరిశీలించిన వ్యక్తి చెప్పుచున్న మాట అది. రాబర్ట్‌సన్ తన కెమెరాతో, పికరిల్ దంపతులు తమ వార్డులో నిరూపించినది ఇదియే: పరికరము లేనంత మాత్రమున పరిశీలన లేదని అనరాదు. తెరపై అంకెలు చూచుచున్న వైద్యుడు ఒకసారి తల ఎత్తి, మంచము ప్రక్కనున్న తల్లిని "ఈ దినము మీ పాప ఎట్లున్నదమ్మా?" అని అడిగినచో, పరీక్ష అప్పటికి పూర్తియగును.